మస్టాంగ్ గుర్రాల దగ్గర విద్యార్థులు నేర్చుకునేది ఏమిటి?

ప్రశ్న: అమెరికాలో జంతుశాస్త్రం, పశువైద్యం చదివే విద్యార్థులు మస్టాంగ్ అనే, స్వేచ్ఛగా తిరిగే మచ్చిక కాని గుర్రాలకు ఆశ్రయమిచ్చే రాంచ్‌లలో శిక్షణ పొందుతుంటారని విన్నాను. మచ్చికైన గుర్రం దగ్గర దొరకని పాఠం అక్కడ ఏముంటుందో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1: మనం దగ్గరకు వెళ్లడంతో గుర్రంపై పడే ఒత్తిడిని ఎప్పుడు సడలించాలన్నదే అసలు పాఠమండీ. గుర్రానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది గానీ, నుదుటికి సరిగ్గా ఎదుట, తోకకు సూటిగా వెనుక కనిపించదు కాబట్టి, విద్యార్థి భుజం వైపు నుంచి ఏటవాలుగా దగ్గరకు వెళ్లాలి. దాని చెవి తనవైపు తిరిగి మెడ బిగుసుకున్న క్షణాన ఆగిపోవాలి. అది కాస్త సడలగానే చూపు మరల్చి ఒక అడుగు వెనక్కి వేయాలి. ఆ వెనకడుగే గుర్రానికి బహుమానం. మచ్చికైన గుర్రం మన తొందరపాటును సహిస్తుంది, అందుకే ఆ తప్పు మనకు తెలిసిరాదు.

జవాబు 2: ఏకీభవిస్తాను, అయితే చట్టం సంగతీ చెప్పాలి. ప్రభుత్వ భూముల్లో తిరిగే ఈ గుర్రాలకు 1971 నాటి సమాఖ్య చట్టం రక్షణ కల్పిస్తుంది. పట్టి తెచ్చిన గుర్రం మెడకు ఎడమవైపు, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచిన లోహంతో ముద్ర వేస్తారు. అందులో పుట్టిన సంవత్సరం కూడా సంకేతాలలో ఉంటుంది. అలాంటి గుర్రాన్ని ప్రభుత్వం నుంచి దత్తత తీసుకున్నవారికి యాజమాన్య హక్కు సాధారణంగా ఏడాది తరువాతే వస్తుంది. మచ్చిక కాని పెద్ద గుర్రానికి కంచె కనీసం 6 అడుగుల ఎత్తు ఉండాలి.

జవాబు 3: చిన్న చేర్పు. తల దించినంత మాత్రాన గుర్రం కుదుటపడినట్టు కాదు. దవడ బిగించి, తోకను అదిమిపెట్టుకుని ఉంటే అది భయమే కావచ్చు.