స్ట్రాంబోలి రాత్రి ఫొటోలు: లావా తెల్లమచ్చలా పడకుండా ఏం చేయాలి?

కృష్ణాతీరం_క్లిక్స్:
ఇటలీలోని స్ట్రాంబోలి అగ్నిపర్వతం దగ్గరికి వెళ్తున్నా. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 70-200 లెన్సు, ట్రైపాడ్ ఉన్నాయి. చూసిన ఫొటోల్లో చాలావాటిలో లావా ఉన్నచోట తెల్లమచ్చే. షట్టర్ 30 సెకన్లు తెరిచి ఉంచాలా, తగ్గించాలా?

చీకటిగది:
షట్టరొక్కటే తగ్గిస్తే సరిపోదండి. ఎగిరే లావా ముద్ద సెన్సర్ మీద ఏ చుక్క దగ్గరా ఆగదు, దాటిపోతుంది. కాబట్టి ఆ గీత ఎంత వెలుగుతో పడాలో తేల్చేది అపెర్చర్ (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుంటుందో), ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకి ఎంత స్పందిస్తుందో). ఎన్ని గీతలు పడాలి, వెనక పొగ ఎంత వెలగాలి అన్నదే షట్టర్ పని. ఎఫ్/8, ఐఎస్ఓ 400తో మొదలుపెట్టండి. 100 మీటర్లు ఎగిరిన ముద్దకి పైకి వెళ్లడానికి 4.5 సెకన్లు, దిగడానికీ దాదాపు అంతే. 10 సెకన్లలో విల్లులా వంగిన ఆ గీత మొత్తం పడిపోతుంది. 30 పెడితే బిలం మీది పొగ ఎర్రగా ఉబ్బి గీతల్ని మింగేస్తుంది.

హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) ఎరుపు ఛానెల్ విడిగా చూడండి, వెలుగు ఎక్కువై ముందు కొట్టుకుపోయేది అదే. రా ఫైల్‌లో (కెమెరా కుదించని అసలు డేటా) తీయండి, రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో పెట్టండి. ఆటోలో ఉంటే షాట్ షాట్‌కీ రంగు మారిపోతుంది.

బల్బ్‌మోడ్:
పేలుడు చూసి బటన్ నొక్కితే మొదటి క్షణం పోయినట్టే. పేలుడుకీ పేలుడుకీ మధ్య చాలాసార్లు పది, ఇరవై నిమిషాలు ఉంటుంది, అందుకని ఇంటర్వెలోమీటర్‌తో (వరసగా తనంతట తానే షాట్లు తీయించే టైమర్) ఆపకుండా తీస్తూ ఉండాలి. 10 సెకన్ల షాట్, 1 సెకను విరామం. కొన్ని కెమెరాలు ఇంటర్వెల్‌ని షాట్ మొదలైనప్పటి నుంచి లెక్కేస్తాయి, వాటిలో 11 పెట్టాలి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువసేపు తీసిన ఫొటోలో చుక్కల్ని తగ్గించే సెట్టింగ్) ఆపేయండి, లేదంటే ప్రతి షాట్ తర్వాత ఇంకో 10 సెకన్లు కెమెరా మూసుకుని కూర్చుంటుంది.

ఫోకస్ మాన్యువల్. కొండ అంచును లైవ్ వ్యూలో పెద్దది చేసి పట్టుకుని, రింగుకు టేపు అంటించండి. తర్వాత జూమ్ కదిపితే మళ్లీ మొదటికే.

కృష్ణాతీరం_క్లిక్స్:
చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. బూడిద పడితే గుడ్డతో తుడవొచ్చా?

చీకటిగది:
అస్సలు వద్దు. అది పొయ్యిలో బూడిద కాదు, గాజు, రాతి పొడి. తుడిస్తే కోటింగ్ మీద గీతలు పడతాయి. లెన్సును కిందికి వంచి బ్లోయర్‌తో ఊదండి, అక్కడ లెన్సు మార్చకండి. బూడిద రానప్పుడు యూవీ ఫిల్టర్ తీసేయండి, లావా వెలుగు దానిలో ప్రతిఫలించి ఆకాశంలో దెయ్యంచుక్కలా పడుతుంది.

ఇంకొకటి, 2019 జులై 3 పేలుడులో కొండెక్కిన ఒకాయన చనిపోయారు. ఎంత ఎత్తుదాకా వదులుతారన్న నిబంధన మారుతుంటుంది, ఆ రోజుది చూసుకునే బయల్దేరండి. సూర్యాస్తమయానికి ముందే ట్రైపాడ్ నిలబెట్టేయాలి, కొండ ఆకారం కనిపించే నీలివెలుగు అరగంట కూడా ఉండదు.