పెదవి మీద ఒకే చోట నల్లమచ్చ మళ్ళీ మళ్ళీ వస్తా ఉంది, మాత్రల వల్లేనా?

కొర్లగుంట_పిల్ల:
అందరికీ నమస్తే. మాది తిరపతే. పోయినేడు గంగజాతరప్పుడు బయట ఏందేందో తినేసి రెండ్రోజులు ఒకటే మోషన్స్, ఇంటి పక్కన మందుల షాపులో అడిగితే ఒక స్ట్రిప్ ఇచ్చినారు, తగ్గిపోయింది. కానీ మూడో రోజు కింది పెదవి ఎడమ పక్క మంట మొదలై ఎర్రగా అయి పొక్కు లేచింది, మానినాక కందిగింజంత నల్లమచ్చ మిగిలింది. మా అమ్మ సర్పి అని పసరు పూసింది, పక్కింటామె రాత్రి సాలెపురుగు పాకింటాదిలే అనింది. సరే అనుకున్నా. నవంబర్‌లో పంటినొప్పికి డెంటిస్ట్ దగ్గరికి పోతే మాత్రలు రాసినారు, వేసుకున్న రాత్రికే మళ్ళీ అదే చోట, కరెక్టుగా అదే మచ్చ మీద మంట. ఇప్పుడు పోయిన వారం మళ్ళీ మోషన్స్ అయితే ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్ వేసుకున్నా, రెండు గంటలు కూడా కాలా, పెదవి మండిపోయింది, ఈసారి మణికట్టు మీద కూడా గుండ్రంగా ఒకటి కొత్తగా వచ్చింది. లిప్‌స్టిక్ అనుకోని అది ఎప్పుడో మానేసినా. ఎవరికైనా ఇట్లా అయ్యిందా? వచ్చే నెల చెల్లెలి పెళ్ళి వేరే ఉంది.

పాకాల_కుర్రోడు:
ఒళ్ళు వేడి చేసినాదక్కా, అంతే. తిరపతి ఎండలకి అందరికీ ఇదే. మజ్జిగ, సబ్జా గింజలు తాగు.

చిత్తూరు_మందులషాపు:
తమ్ముడూ, వేడి చేస్తే సంవత్సరం తర్వాత వచ్చి అదే కందిగింజంత చోటు ఎతుక్కోని కూర్చోదబ్బా. మజ్జిగ తాగితే తప్పు లేదులే. అమ్మా, నాకు 18 ఏండ్లుగా షాపు, ఇట్లాంటివి చూసినా. ఆ రెండు స్ట్రిప్పుల వెనకాల పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటాది, అది చదివి రాయి. డెంటిస్ట్ చీటీ కూడా తియ్యి. ఇంకోటి, మధ్యలో జ్వరానికో తలనొప్పికో ఏమన్నా వేసుకున్నావా, అప్పుడు మచ్చ మండిందా లేదా?

కొర్లగుంట_పిల్ల:
మోషన్స్‌ది ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ అని ఉందన్నా. డెంటిస్ట్ చీటీలో అమోక్సిసిలిన్, మెట్రోనిడజోల్, ఒక నొప్పి మాత్ర. సంక్రాంతికి జ్వరమొస్తే పారాసిటమాల్ నాలుగు రోజులు వేసినా, అప్పుడేమీ కాలేదు.

చిత్తూరు_మందులషాపు:
చూడు, ఒకటి కడుపుకి ఇంకోటి పంటికి, కంపెనీలు వేరు రంగులు వేరు. కానీ ఆర్నిడజోల్, మెట్రోనిడజోల్ రెండూ ఒకే ఇంటి పిల్లలు, టినిడజోల్, సెక్నిడజోల్ కూడా ఆ ఇంటివే. నీకు రెండుసార్లూ కామన్‌గా ఉండేది ఆ ఇల్లే. దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. ఒకసారి మందు పడకపోతే, ఒంట్లో కాపలా ఉండే తెల్లకణాల్లో కొన్ని ఆ చర్మం చోటే మకాం పెట్టేస్తాయి, మళ్ళీ అదే మందు రాంగానే అక్కడే గొడవ మొదలు. అందుకే మొదటిసారి రోజులు పట్టింది, ఇప్పుడు రెండు గంటలే. వేసుకునే కొద్దీ మచ్చలు కూడా పెరగొచ్చు, మణికట్టుది అందుకే వచ్చింటాది. పెదవులు, చేతులు, ఇంకా చెప్పుకోడానికి సిగ్గుపడే చోట కూడా వస్తాది, పాపం చానామంది మగోళ్ళు అది ఇంకేదో రోగమని భయపడి ఎవరికీ చెప్పరు. ఈ మందులే కాదు, సల్ఫా మాత్రలు, నొప్పి మాత్రలు, టెట్రాసైక్లిన్‌లు, కొందరికి పారాసిటమాల్ కూడా పడదు.
కానీ నేను డాక్టర్ని కాదు. ఆఫ్లోక్సాసిన్ కూడా కొందరికి ఇట్లా చేస్తాది, కాబట్టి స్ట్రిప్పులు, చీటీ రెండూ సంచిలో వేసుకోని తిరపతి రుయా పెద్దాసుపత్రిలో స్కిన్ ఓపీకి పో. అదేనా కాదా చూద్దామని ఇంట్లో ఇంకోసారి మాత్ర వేసి టెస్ట్ మాత్రం చెయ్యొద్దు తల్లీ.

పలమనేరు_టీచర్:
అన్న చెప్పింది కరెక్టే, కానీ అన్నీ ఇట్లా మచ్చతోనే పోవు, అందుకే రాస్తున్నా. మా తమ్మునికి ఫిట్స్‌కి కార్బమజెపిన్ మొదలుపెట్టిన రెండు వారాలకి జ్వరం, కళ్ళు ఎర్రగా, నోరంతా పుండ్లు, మేము అమ్మవారేమో అని వేపాకు కట్టి రెండ్రోజులు ఇంట్లోనే పెట్టుకున్నాము, ఆ రెండ్రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. మూడోరోజు వీపు మీద చర్మం తడిగుడ్డ లాగినట్టు ఊడొచ్చింది. అప్పుడు కారు మాట్లాడుకోని వేలూరు పరిగెత్తినాము, స్టీవెన్స్ జాన్సన్ అన్నారు, అంటే మందు పడక చర్మం, నోరు, కండ్లు దెబ్బతినే ప్రమాదమైన రియాక్షనంట, మూడు వారాలు ఉండినాము, బతికినాడు. కొత్త మందు మొదలుపెట్టిన నాలుగు వారాల లోపల జ్వరం, నోటిపుండ్లు, కండ్లు ఎరుపు, ముట్టుకుంటే చర్మం నొప్పి, వీటిల్లో ఏది కలిసొచ్చినా రాత్రైనా సరే పెద్దాసుపత్రికి పోండి. ఫిట్స్ మందులే కాదు, యూరిక్ యాసిడ్‌కి ఇచ్చే అల్లోప్యూరినాల్‌తో కూడా వస్తాదంట.

పాకాల_కుర్రోడు:
అయ్యో సారీ అక్కా, నేను ఊరికే అనేసినా. మా చెల్లి నెలసరి నొప్పికి మెఫెనమిక్ యాసిడ్ వేస్తాది, అది కూడా డేంజరని అప్పట్లో వాట్సాప్‌లో తిరిగింది, నిజమేనా?

చిత్తూరు_మందులషాపు:
2023 చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్, అంటే మందుల నాణ్యత, భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, దాని మీద హెచ్చరిక ఇచ్చింది నిజమే, డ్రెస్ అనే రియాక్షన్ గురించి. మామూలుగా అది మందు మొదలుపెట్టిన 2 నుంచి 8 వారాలకి జ్వరం, దద్దుర్లు, మొకం వాపు, లోపల లివర్ కూడా దెబ్బతినేది. అరుదు, మందు బ్యాన్ కాలేదు. అట్లాంటివి కనిపిస్తే ఆపి డాక్టర్‌కి చెప్పమని. మీ చెల్లిని భయపెట్టొద్దు, డాక్టర్ని అడిగి వాడుకోమను. మందు పడకపోతే మనమే 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు, ఫ్రీ నంబరు. మా షాపుకొచ్చే వాళ్ళల్లో ఆ నంబరు తెలిసినోళ్ళు ఒక్కరు కూడా లేరు.

కొర్లగుంట_పిల్ల:
అప్‌డేట్. నిన్న పోయొచ్చినా. డాక్టరమ్మ మచ్చ చూస్తానే "మోషన్స్ మాత్రా?" అని అడిగింది, నాకు నవ్వొచ్చింది. అన్న చెప్పిన పేరే రాసింది. ఆ ఇంటి మందులన్నీ జీవితంలో వద్దని, ఆఫ్లోక్సాసిన్ కూడా తనని అడక్కుండా వద్దని ఎర్ర ఇంకుతో కార్డు మీద రాసిచ్చింది, ఆధార్ కార్డు కవర్లోనే పెట్టేసినా, ఫోటో తీసి మా ఆయన ఫోన్లో కూడా వేసినా. మంట తగ్గడానికి ఐదు రోజులు పూతమందు, అంతకంటే రుద్దొద్దనింది. నలుపు పోవడానికి నెలలు పడతాదంట, కాబట్టి పెళ్ళి ఫోటోల్లో లిప్‌స్టిక్కే దిక్కు, పాపం దాన్ని అనవసరంగా ఏడాది పక్కన పెట్టినా. ఇంట్లో పాత స్ట్రిప్పులన్నీ పారేస్తా ఉంటే మా అమ్మ మాత్రం "సగం మాత్రలు బాగుండాయి కదే" అని డబ్బా నుంచి మళ్ళీ ఏరుకుంటా ఉంది.