అప్‌డేట్: రీఫ్ ట్యాంక్ కంట్రోలర్‌లో చివరికి ఏవి పెట్టుకున్నానంటే

నల్గొండలో రీఫ్ ట్యాంక్‌కు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) కంట్రోలర్‌లో, అంటే టెంపరేచర్ లాంటివి చూస్తూ ఫ్యాన్లు, హీటర్ తనే ఆన్, ఆఫ్ చేసే పరికరంలో, ఏ ఫీచర్లు తప్పనిసరి అని ఇంతకుముందు అడిగాను కదా, దాని సంగతి. ముందు టెంపరేచర్. ఎండాకాలం మా దగ్గర బయట 44 డిగ్రీలు దాటుతుంది, పగడాలకేమో 25, 26 దగ్గరే ఉండాలి. అందుకే 26 దాటితే ఫ్యాన్లు, 27 దాటితే చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మెషిన్) ఆన్ అయ్యేలా, హీటర్ థర్మోస్టాట్ పాడై ఆగకపోయినా కరెంటు కట్ అయ్యేలా పెట్టాను. ఫ్యాన్లు తిరిగితే నీళ్లు ఆవిరై ఉప్పు శాతం పెరుగుతుంది, కాబట్టి ఆవిరైనన్ని నీళ్లు తనే నింపే ఆటో టాప్ ఆఫ్ కూడా తీసుకున్నా. అందులో ఆర్‌ఓ నీళ్లే. మన నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిసిందేగా! నీళ్ల పీహెచ్ ఎప్పటికప్పుడు కొలిచే ప్రోబ్ వద్దనుకున్నాను. మాటిమాటికీ క్యాలిబ్రేట్ చేయాలి, పైగా రాత్రి తగ్గి పగలు పెరిగే అంకెలు చూస్తూ టెన్షన్ తప్ప ఏముంది? ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే నీళ్ల గుణం) మాత్రం టెస్ట్ కిట్‌తోనే చూసుకుంటున్నా. కరెంటు పోయినట్టు ఫోన్‌కు మెసేజ్ రావాలంటే రూటర్‌కు కూడా యూపీఎస్ ఉండాలి, అదొక్కటే కొనాలి.