టికెట్టు ధర ఒకటే, విమానం ఒకటే: ఒక సంస్థకు లాభం, మరొక సంస్థకు దివాలా ఎందుకు?

రాయగడ అధ్యాపకుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను రాయగడలో డిగ్రీ విద్యార్థులకు వ్యయ గణన బోధిస్తున్నాను. ఈ ఏడాది చౌక విమానయాన సంస్థలను ఉదాహరణగా తీసుకున్నాను, కానీ పాఠం ముందుకు సాగే కొద్దీ నాకే సందేహాలు పెరుగుతున్నాయి. 2003లో కెప్టెన్ గోపీనాథ్ మొదలుపెట్టిన ఎయిర్ డెక్కన్ సామాన్యుడిని విమానం ఎక్కించింది గాని తాను నిలవలేక కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. ఆ కింగ్‌ఫిషర్ కూడా 2012లో ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మే నెలలో దివాలా ప్రక్రియ కోరింది. ఇండిగో మాత్రం 2023-24లో సుమారు 8,172 కోట్ల రూపాయల నికర లాభం చూపింది. గో ఫస్ట్, ఇండిగో రెండూ ఎయిర్‌బస్ ఎ320 నియో విమానాలనే నడిపాయి, రెండింటి టికెట్టు ధరలూ దాదాపు ఒకటే. మరి తేడా ఎక్కడుంది?

విద్యార్థులు అడిగిన ఇంకో ప్రశ్న కూడా ఉంది. విశాఖపట్నానికి ఇన్ని చౌక విమానాలు వస్తుండగా, మన కోరాపుట్ జిల్లాలోని జయపురానికి 2022 చివర్లో తొమ్మిది సీట్ల చిన్న విమానం మాత్రమే ఎందుకు వచ్చింది?

బరంపురం పద్దులు:

మాస్టారూ, టికెట్టు ధరను పక్కన పెట్టి, ఒక సీటును ఒక కిలోమీటరు మోసుకెళ్ళడానికి సంస్థకు ఎంత ఖర్చయిందో చూడమని విద్యార్థులకు చెప్పండి. ధరను పోటీ నిర్ణయిస్తుంది, దాని మీద ఏ సంస్థకూ పెద్దగా పట్టు ఉండదు. చేతిలో ఉండేది ఖర్చు ఒక్కటే.

ఈ ఖర్చును తగ్గించే మొదటి మార్గం విమానాన్ని నేల మీద నిలబెట్టకపోవడం. మన కొండదారుల్లో కిరాయి జీపు నడిపేవారికి తెలిసిన లెక్కే ఇది: బండి స్టాండులో ఉన్నంతసేపూ బ్యాంకు వాయిదా ఆగదు. రోజుకు ఆరు మజిలీలు చేసే విమానం ప్రతి మజిలీలోనూ గంటకు బదులు అరగంటలో తిరిగి బయలుదేరితే మూడు గంటలు మిగులుతాయి. ఆ సమయంలో విశాఖపట్నం-హైదరాబాదు మధ్య ఇంకొకసారి వెళ్ళి రావచ్చు. అద్దె పెరగదు, రాబడి పెరుగుతుంది. 1971లో అమెరికాలో విమానాలు నడపడం మొదలుపెట్టిన సౌత్‌వెస్ట్ ఈ క్రమశిక్షణతోనే, ఒకే రకం విమానాలతో, 2019 వరకు వరుసగా 47 ఏళ్ళు లాభాలు గడించింది.

రెండవది విమానాల కొనుగోలు, ఇండిగో విషయంలో అసలు కీలకం ఇదేనని నా అభిప్రాయం. ఒక్క విమానం కూడా ఎగరకముందే, 2005లో, ఆ సంస్థ ఒకేసారి 100 ఎ320లు కొంటామని ఎయిర్‌బస్‌కు ఆర్డరు ఇచ్చింది. అంత పెద్ద ఆర్డరుకు భారీ తగ్గింపు దొరుకుతుంది. విమానం చేతికి రాగానే దానిని అద్దె సంస్థకు అమ్మి, తిరిగి వారి దగ్గరే అద్దెకు తీసుకుంటే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య మిగిలినది నగదుగా చేతికొస్తుంది. కొన్నేళ్ళకు, పెద్ద మరమ్మతుల దశ రాకముందే, విమానాన్ని తిరిగి ఇచ్చేస్తారు. 2023 జూన్‌లో ఇండిగో ఇచ్చిన 500 విమానాల ఆర్డరు కూడా ఈ బేరసార బలం నుంచి వచ్చినదే.

ఇక గో ఫస్ట్ సంగతి. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల సమస్యతో దాని విమానాల్లో సుమారు సగం నేలకు పరిమితమయ్యాయి. ఇండిగోకు చెందిన విమానాలు కూడా డెబ్బైకి పైగా ఒక దశలో నిలిచిపోయాయి. కానీ మూడు వందలకు పైగా విమానాలున్న సంస్థకు అది తట్టుకోగల గాయం. ఎగరని విమానానికి కూడా అద్దె కట్టవలసి వచ్చినప్పుడు, యాభై చిల్లర విమానాలున్న సంస్థకు ఊపిరి ఆడదు.

వంశధార తీరం:

పద్దుల గారి విశ్లేషణతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేర్చదలిచాను, ఎందుకంటే ఇక్కడ పర్లాకిమిడిలో కూడా విమాన కంపెనీల వాటాలు కొంటున్నవారు కనిపిస్తున్నారు. ఇదే ఇండిగో 2021-22లో 6,000 కోట్లకు పైగా నష్టపోయింది. మన దేశంలో విమాన సంస్థ ఖర్చులో ఇంధనమే చాలా సంవత్సరాల్లో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా ఉంటుంది. విమాన ఇంధనం ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు, ఒక్కో రాష్ట్రం ఒక్కో రేటు వేస్తోంది. పైగా అద్దెలు డాలర్లలో, టికెట్లు రూపాయల్లో. రూపాయి బలహీనపడితే, ఎంత పొదుపుగా నడిపినా, లాభం అక్కడే కరిగిపోతుంది.

పొదుపుకు కూడా ఒక హద్దు ఉంది. 2025 డిసెంబరు మొదట్లో, పైలట్ల విశ్రాంతి నిబంధనలు కఠినమైన తరువాత, ఇండిగో వేల సర్వీసులను రద్దు చేసుకోవలసి వచ్చింది. సిబ్బందిని మరీ బిగువుగా లెక్కగట్టి పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, కానీ నిబంధన మారిన రోజున ప్రయాణికుడు విమానాశ్రయంలో రాత్రంతా కూర్చోవాలి. దీనిని నేను చిన్న విషయంగా చూడలేను. అమెరికాలో అతి చౌక టికెట్లకు పేరుపడ్డ స్పిరిట్ 2024 నవంబరులో ఒకసారి, 2025 ఆగస్టులో మరోసారి దివాలా రక్షణ కోరింది.

జయపురం ప్రయాణికుడు:

రెండో ప్రశ్నకు నేను జవాబు ఇస్తాను. మన జయపురం రన్‌వే ఎ320 దిగేంత పొడవైనది కాదు. రన్‌వేను పొడిగించినా, సుమారు 180 సీట్లను రోజూ నింపేంత ప్రయాణికులు ఇక్కడ లేరు. తొమ్మిది సీట్ల విమానంలో సిబ్బంది, భద్రత, నిర్వహణ ఖర్చులన్నీ తొమ్మిది మంది మీదే పడతాయి, కాబట్టి ఒక్క సీటు ఖర్చు ఎంతో ఎక్కువ. టికెట్టు చౌకగా కనిపించడానికి కారణం చిన్న ఊళ్ళకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం కింద ప్రభుత్వం ఇచ్చే లోటు భర్తీ. అది మూడేళ్ళకే పరిమితం.

ఆ తరువాత ఏమవుతుందో కాగ్ 2023 నివేదిక చెబుతోంది: కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు, మొదలైన 371లో 112 మాత్రమే మూడేళ్ళు పూర్తి చేశాయి, ఆ గడువు దాటాక 2023 మార్చి నాటికి మిగిలినవి 54. కోరాపుట్ నుంచి పెద్ద ఆసుపత్రికి అత్యవసరంగా వెళ్ళవలసినవారికి ఈ చిన్న విమానం ఎంత అవసరమో ఇక్కడ ఉండేవారికి తెలుసు. అందుకే దీనిని లాభనష్టాల వ్యాపారంగా కాక, ఘాట్ రోడ్డు మీద నడిచే ప్రభుత్వ బస్సులా గుర్తించి, గడువు లేకుండా నిధులు కేటాయించాలని నేను కోరుకుంటున్నాను.

రాయగడ అధ్యాపకుడు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. బరంపురం పద్దులు గారూ, విద్యార్థుల చేత వార్షిక నివేదిక చదివించాలంటే ముందుగా ఏ పద్దు చూడమంటారు?

బరంపురం పద్దులు:

లీజు బాధ్యతల పద్దు చూడమనండి. 2019 ఏప్రిల్ నుంచి అమలైన ఇండ్ ఏఎస్ 116 అనే పద్దుల ప్రమాణం ప్రకారం భవిష్యత్తులో కట్టవలసిన అద్దెలను కూడా అప్పుగానే చూపాలి. దాని పక్కన చేతిలో ఉన్న నగదును, విదేశీ మారకద్రవ్య నష్టాన్ని రాసుకోమనండి. నికర లాభం దగ్గరకు ఆ తరువాతే వెళ్ళాలి.