ఏరియేటర్ షాఫ్టుల తుప్పుకి యాసిడ్ వాడాలంటే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులున్నాయి. ఉప్పునీళ్ళకి ఏరియేటర్ల (చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాల) ఇనుప షాఫ్టులు, బోల్టులు బాగా తుప్పెక్కాయి. పైపైన గోటితో గీకినా పెచ్చులూడుతున్నాయి గానీ, అడుగున ఉన్న తుప్పు వైర్ బ్రష్షుకి లొంగట్లేదు. నాన్న బాత్రూములు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ తెచ్చి షెడ్డులో పెట్టారు, అదీ చెరువుకి చల్లే బ్లీచింగ్ పౌడర్ బస్తాల పక్కనే! రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది కాబట్టి డబ్బాని వెంటనే వేరే చోటికి మార్చాను.

నీళ్ళలోనే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదని తెలుసు. ఆరుబయటే చేస్తాం. కానీ మా దగ్గర పనిచేసే కుర్రాడు ఉత్త చేతుల్తో దిగిపోయేలా ఉన్నాడు, నా టెన్షన్ అంతా అదే. ఏ రకం గ్లౌజులు కొనాలి? గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు కదా, మరి ఏది పెట్టుకోవాలి? యాసిడ్‌కి ఎన్ని వంతుల నీళ్ళు కలపాలి, ఎంతసేపు నానబెట్టాలి? జింకు పూత ఉన్నవి వేస్తే పూత కరిగి హైడ్రోజన్ వస్తుంది, వాటిని పక్కన పెట్టేయడమేనా?

వాడేసిన నీళ్ళకి వంట సోడా కలిపాక ఎక్కడ పారబొయ్యాలో కూడా చెప్పండి. కాలవలో మాత్రం పొయ్యను, దిగువ ఊళ్ళకి తాగునీళ్ళు అవే. నిమ్మ ఉప్పుతో పనైపోతుందంటే యాసిడ్ జోలికే వెళ్ళం, కాస్త ఆలస్యమైనా పర్లేదు.