గది గుమ్మని మోగుతోంది, ఆంప్లిఫయర్ మార్చమంటారా?

ప్రశ్న (ఒంగోలు నుంచి)

అందరికీ నమస్తే. మేడ మీద ఒక గది పాటలు వినడానికే పెట్టుకున్నాను. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, శ్లాబు ఎత్తు కూడా 10. కింద చీమకుర్తి గ్రానైట్, గోడలకు పుట్టీ, పెయింటు. సామాను పెద్దగా లేదు. పొడవు గోడకు స్పీకర్లు, ఎదురు గోడకు ఆనించి కుర్చీ. నాలుగేళ్లలో రెండు జతల స్పీకర్లు, మూడు ఆంప్లిఫయర్లు మార్చాను. కొత్తది తెచ్చిన పది రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే గోల. బేస్ గిటార్ ఒక్క స్వరం దగ్గర ఉబ్బిపోతుంది. గాత్రంలో స, ష అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. ఇప్పుడు లక్షా పది వేలలో ఒక ఆంప్లిఫయర్ చూశాను, అడ్వాన్స్ ఇమ్మంటున్నారు. ఇంట్లో దీని మీద టెన్షన్‌గానే ఉంది. తీసుకోమంటారా?

జవాబు (నెల్లూరు నుంచి)

అబ్బయ్యా, అడ్వాన్స్ ఇవ్వబాక. ముందు ఒక పని చెయ్యి. ఆ బేస్ గిటార్ పాటనే మంచి హెడ్‌ఫోన్లలో విను. ఆ స్వరం అక్కడ ఉబ్బకపోతే రికార్డింగులో తప్పు లేదు. ఉబ్బించేది నీ గది.

ఎందుకో చెబుతాను. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటుంది. శబ్దవేగాన్ని ఆ దూరానికి రెండింతలతో భాగిస్తే, గది ఏ స్వరానికి మోగుతుందో తెలుస్తుంది. 10 అడుగులంటే సుమారు 3.05 మీటర్లు. శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని 6.1తో భాగిస్తే 56 హెర్ట్జ్, అంటే సెకనుకు 56 కంపనాలు. బేస్ గిటార్‌లో ‘A’ అనే తీగను ఒట్టిగా మీటితే వచ్చేది 55. నువ్వు చెప్పే స్వరం అదే అయి ఉంటుంది. పైగా నీ గది వెడల్పూ ఎత్తూ ఒకటే. రెండూ ఒకే స్వరం దగ్గర మోగుతున్నాయి. ఆ మోత గోడ దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. నువ్వు గోడకు తల ఆనించి కూర్చున్నావు. ఏ ఆంప్లిఫయర్ తెచ్చినా ఆ 55ను ఆ గదిలోకే పంపాలి కదా.

మరి కొత్తది తెచ్చిన పది రోజులు ఎందుకు బాగుంటుంది? ఇది నా సొంత అనుభవం. రెండో ఆంప్లిఫయర్ బిగించేటప్పుడు వెనక వైర్లు అందక స్పీకర్లను అడుగు ముందుకు లాగాను. ఆ రాత్రి బేస్ ఎంత శుభ్రంగా వినపడిందో! ఆంప్లిఫయర్ మహత్యమని అందరికీ చెప్పాను. వారం తర్వాత ఇల్లు ఊడ్చేటప్పుడు ఎవరో వాటిని మళ్లీ గోడకు జరిపారు. మోత తిరిగొచ్చింది. నేను జరిగింది గమనించలేదు. ఆంప్లిఫయర్‌లోనే లోపమనుకుని మూడోది కొన్నాను. అసలు సంగతి అర్థమయ్యేసరికి రెండేళ్లు పట్టింది. ఇంకొకటి, కొత్త పెట్టె పాతదాని కంటే కాస్త గట్టిగా పలికినా చెవికి మేలనిపిస్తుంది. పోల్చేటప్పుడు రెండింటి శబ్దమూ సమానంగా పెట్టుకోవాలి.

చీమకుర్తి నుంచి ఒకరు

మా పిల్లోడు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే చాలంటున్నాడు, అన్నా. పనిచేస్తాయా?

జవాబు (నెల్లూరు నుంచి)

వద్దు తమ్ముడూ. పల్చటి అట్ట బేస్‌ను ఏమీ చెయ్యలేదు. నిప్పు తగిలితే మాత్రం గబుక్కున అంటుకుంటుంది.

శబ్దాన్ని పీల్చేది మందం, మెత్తదనం. దీన్ని లెక్కలోకి తెచ్చింది అమెరికా భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబైన్. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట్లాడిన మాట అయిదున్నర సెకన్లు మోగుతూ ఉండేదట. ఆయన రాత్రుళ్లు అక్కడి శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి పరిచేవాడు. ఆర్గాన్ గొట్టం ఊది, ఆపాక శబ్దం ఎంతసేపు ఉంటుందో గడియారం పట్టి కొలిచేవాడు. మోత ఎన్ని సెకన్లుంటుందో తెలియడానికి గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, మొత్తం పీల్చే శక్తితో భాగించే సూత్రం అలా వచ్చింది.

ఒంగోలు తమ్ముడి గది 34 ఘనపు మీటర్లు, లోపలి ఉపరితలం 63 చదరపు మీటర్లు. గ్రానైటూ పుట్టీ గోడా తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులు పీలుస్తాయనుకుంటే మోత మూడు సెకన్లకు దగ్గరగా వస్తుంది. తలుపు, కుర్చీ, మనిషి కొంత పీలుస్తారు కాబట్టి నిజంగా అంత ఉండదు. కానీ పాటలకు కావలసింది అర సెకను. స, ష గుచ్చుకోవడం ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు అర్థమైంది కదా. నట్టనడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టి చూడు. చివర ట్ర్‌ర్‌మని సన్నగా సాగితే అది బోసి గోడల మధ్య ఎగిరే శబ్దమే.

ఖర్చు లేని పని ముందు చెయ్యి. స్పీకర్లను పొట్టి గోడ వైపు తిప్పు, శబ్దం 12 అడుగుల పొడవునా నడవాలి. స్పీకర్ల వెనక రెండడుగుల ఖాళీ, రెండూ పక్క గోడలకు సమాన దూరం. కుర్చీ వెనక గోడ నుంచి నాలుగున్నర అడుగులు ముందుకు. గది మధ్యలో కూర్చోబాక, అక్కడ 47 హెర్ట్జ్ దగ్గర బేస్ మాయమైపోతుంది. కుర్చీకీ స్పీకర్లకూ మధ్య గ్రానైట్ మీద మందంగా జంపఖానా పరువు. ఇంట్లో పాత బూరుగుదూది పరుపులుంటే మూలల్లో నిలబెట్టి రెండు రోజులు విను. నీ చెవికే తెలుస్తుంది.

ప్రశ్న వేసినవారు

అన్నా, నిన్న సాయంత్రం తిప్పాను. హెడ్‌ఫోన్లలో ఆ స్వరం మామూలుగానే ఉంది. గదిలో సగానికి పైగా తగ్గింది. కానీ బేస్ మొత్తం పల్చబడినట్టుంది. చప్పట ఇంకా మోగుతోంది.

జవాబు (నెల్లూరు నుంచి)

పల్చబడలేదు, ఉబ్బు పోయింది. ఆ ఉబ్బుకు నాలుగేళ్లు అలవాటుపడ్డావు. వారం ఓపిక పట్టు. బేస్ స్వరాలు ఒక్కొక్కటీ విడివిడిగా వినపడతాయి. మన నెల్లూరు బాలు గారి పాట పెట్టి, చరణానికి ముందు ఆయన ఊపిరి తీసుకునే చప్పుడు కోసం చెవి పెట్టు. మోత తగ్గిన గదిలో అది దగ్గర నిలబడి విన్నట్టుంటుంది.

చప్పటకు మందు పక్క గోడల మీదే ఉంది. కుర్చీలో నువ్వు కూర్చో, ఇంకొకరిని చేతిలో అద్దంతో గోడ వెంబడి నడవమను. అద్దంలో నీకు స్పీకర్ కనపడిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టు. అక్కడ రాక్‌వూల్ పలక, అంటే రాతి నారతో చేసిన మెత్తటి పలక పెట్టాలి. నాలుగంగుళాల మందం, ఘనపు మీటరుకు 48 కిలోల రకం. చెక్క ఫ్రేములో బిగించి, గాలి ఆడే చీరాల నూలు గుడ్డ చుట్టించు. గోడకు రెండంగుళాలు ఎడంగా తగిలించు. కోసేటప్పుడు మూతికి గుడ్డ, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, ఆ నూగు తగిలితే ఒళ్లంతా దురద.

ఆంప్లిఫయర్ ఎప్పటికీ మార్చొద్దని కాదు. నువ్వు వినే గట్టితనంలో గొంతు చిరిగినట్టు వస్తే, అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోగా కొలత మైకు ఒకటి కొను, ఫోను మైకు బేస్‌కు నమ్మదగింది కాదు. గది శబ్దాన్ని కొలిచి గ్రాఫు గీసే సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితమే. పలకలు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి కొలిచి రెండు గ్రాఫులూ ఇక్కడ పెట్టు. మూలలకు ఎంత మందం కావాలో వాటిని చూసి చెబుతాను.