పెయ్య పాత బ్యాటరీ నాకింది, నిమ్మరసం పట్టిస్తే సీసం దిగుతుందా?

చంద్రగిరి పాడి:
కొట్టం వెనక పగిలిన ట్రాక్టర్ బ్యాటరీ ఉంటే మా పెయ్య నాకుతూ కనబడింది, లాగేశాను గానీ అంతకుముందు ఎంతసేపు నాకిందో తెలీదు. ఇది మూడు రోజుల కిందటి మాట. నిన్నటి నుంచి కుడితి ముట్టడం లేదు, పళ్ళు నూరుతోంది, పొద్దున చూస్తే గోడకు తల ఆనించి నిలబడి ఉంది, కంటి ముందు చెయ్యి ఊపినా రెప్ప వేయలేదు. విటమిన్ సి విషాన్ని విరిచేస్తుంది, పది నిమ్మకాయలు పిండి పట్టించు అంటున్నాడు మా మామ. పట్టించేదా?

తిరుపతి వెటర్నరీ స్టూడెంట్:
అన్నా, ముందు డాక్టరుకు ఫోన్ చేసి తర్వాత ఇది చదవండి. సీసం మెదడుకు ఎక్కినప్పుడు కనిపించే లక్షణాలే ఇవి, కానీ రేబిస్ కూడా ఇలాగే మొదలవ్వచ్చు కాబట్టి నోట్లో చెయ్యి పెట్టొద్దు. సరిగా మింగలేని పశువుకు రసం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోసినా లాభం తక్కువే, నోటి ద్వారా ఇచ్చిన విటమిన్ సిని రుమెన్‌లోని (నెమరు వేసే పశువు మొదటి పొట్టలోని) సూక్ష్మజీవులే చాలావరకు తినేస్తాయి. అసలు ఆవు తనకు కావలసిన విటమిన్ సి తన కాలేయంలోనే తయారు చేసుకుంటుంది. సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపేది కాల్షియం ఈడీటీఏ ఇంజక్షన్, దానితో పాటు విటమిన్ బి1 కూడా ఇస్తారు.

పుత్తూరు కోళ్ళ ఫారం:
అయితే విటమిన్ సి ఉత్తదేనా? మేం ఎండాకాలం కోళ్ళ నీళ్ళలో కలుపుతామే.

తిరుపతి వెటర్నరీ స్టూడెంట్:
ఉత్తది కాదు సార్, కోడికి రుమెన్ లేదు కదా. సీసం, కాడ్మియం కణాల్లో పుట్టించే ఆక్సీకరణ దెబ్బను విటమిన్ సి తగ్గిస్తుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో చూశారు. చాలా రకాల చేపలు దాన్ని సొంతంగా తయారు చేసుకోలేవు, మేతలో ఇవ్వాల్సిందే. అయితే దెబ్బ తగ్గించడం వేరు, ఒంట్లోంచి లోహాన్ని తీసేయడం వేరు. క్రోమియంతో ఇంకో తిరకాసు, ఆ లోహంలో ప్రమాదకరమైన రూపాన్ని (ఆరు వేలెన్సీది) విటమిన్ సి అంత ప్రమాదం లేని మూడు వేలెన్సీ రూపానికి దించుతుంది, అది కడుపులో జరిగితే మంచిదే, కణం లోపల జరిగితే మాత్రం ఆ మార్పే డీఎన్ఏను దెబ్బతీయవచ్చు.

పాకాల పెద్దాయన:
మిగతా పశువులను కూడా చూసుకో నాయనా. ఆ బ్యాటరీ ప్లేట్ల పొడి మట్టిలో కలిసి ఉంటుంది, అక్కడి మట్టి ఎత్తేయించు. పాలిచ్చే ఆవు ఏదైనా నాకి ఉంటే డాక్టరు చెప్పేదాకా ఆ పాలు పోయొద్దు, దూడకు కూడా.

చంద్రగిరి పాడి:
డాక్టరు సారు వచ్చి రక్తం తీసుకున్నారు, ఇంజక్షన్లు మొదలుపెట్టారు. రెండు పాడావులు కూడా అటే తిరిగేవంటే వాటి పాలు పక్కన పెట్టమన్నారు. నిమ్మకాయలు మా మామే ఉప్పేసుకుని తాగేశాడు.